ఫాలు కుట్టే కండ

పురసవాక్కం సందులో మేడమెట్లు దిగుతుంటే
కుడి తొడ పట్టేసిందని వచ్చింది తాయారమ్మ.
మా ఫిజియోథెరపీ గదిలో గోడ ఫ్యానుకీ
మెడ పట్టేసి చాన్నాళ్ళయింది,
ఒకవైపే చూస్తుంది.

ఎక్కడమ్మా అంటే వేలితో గీత గీసింది,
నడుం పక్క ఎముక నుంచి ఏటవాలుగా
తొడ మీద పైట వేసినట్టు
మోకాలి లోపలి అంచు దాకా.
బట్ట మీద సుద్ద గీసే చెయ్యి, వంకర పోలేదు.
పరీక్ష ముందు రాత్రి
నేను మూడుసార్లు తప్పు గీసిన గీత అది.

"దీనికి పేరుందా?"

ఉంది. అన్నిటికీ ఉన్నాయి.
పెట్టినవాళ్ళు పెద్దగా ఆలోచించలేదు తాయారమ్మా,
చూసింది చూసినట్టు అనేశారు.
రెండు తలలుంటే రెండు తలలదన్నారు.
అన్నిటికన్నా పెద్దదాన్ని అతి పెద్దదన్నారు,
మనం కూర్చునేది దాని మీదే,
మర్యాదకైనా ఇంకో పేరు వెతకలేదు.
పిక్క లోపలిది చేపట.
కాశిమేడులో తట్టకు అతుక్కుపోయి ఉంటుందే
బల్లపరుపు నాలుక చేప, అది.
చెయ్యి మడిస్తే దండలో పొంగేది చూసి
చర్మం కింద చిట్టెలుక ఉరికిందనుకున్నారు.
ఆ ఎలుక పేరే ఇప్పుడు ఒళ్ళంతా మోస్తోంది.

భుజం మీది ముక్కోణానికి గ్రీకువాళ్ళ అక్షరం.
మనకు ముక్కోణపు అక్షరమే లేదు, అన్నీ గుండ్రాలే.
ఒంట్లో తెలుగుకు చోటెక్కడని
హాస్టల్ మేడ మీద ఓ రాత్రి వెతికాను.
నోటి చుట్టూ ఉంగరంలా ఓ కండుంది.
పెదాలు కలిపి "అం" అనిపించేది అదే.
సున్నా అక్కడ దొరికింది.

ఇది మాత్రం, నీ తొడది,
ఒంట్లో అన్నిటికన్నా పొడుగు.
పుస్తకంలో సార్టోరియస్, మన మాటల్లో దర్జీ కండ.
మోకాళ్ళు బయటికి వాల్చి
మఠం వేసుకుని కుట్టేవాళ్ళను చూసి పెట్టారట.

నవ్వింది.
"దర్జీ అంటే మా గజపతి సారు గదా.
ఆయన కూర్చునేది మిషను ముందు, స్టూలు మీద.
ఇరవై ఆరేళ్ళుగా నేల మీద మఠం వేసి
చీరలకు ఫాలు కుట్టేది నేను.
చీరకు ముప్పై నాకు, డెబ్బై ఆయనకు.
పేరు కూడా ఆయనకే పోయిందా?"

జవాబు చెప్పకుండా మోకాలు పట్టుకుని
మెల్లగా మడిచాను.
కండకు లాగడమొక్కటే తెలుసు.
తొయ్యడం రాదు.
నువ్వు తలుపు నెట్టినా
మోచేతి వెనక ఎక్కడో ఒకటి
లాగుతూనే ఉంటుంది.
అందుకే జంటలు జంటలుగా ఉంటాయి,
ఒకటి బిగిస్తే ఎదుటిది వదలాలి.
నీ తొడలో ఏదో వదలడం మర్చిపోయింది.

"దారమూ అంతే" అంది పైకప్పు చూస్తూ.
"లాగితేనే వస్తుంది, తోస్తే ముడి పడుతుంది.
మరీ లాగావా, కొత్త పట్టుచీర అయినా
అంచు పొడుగునా ముడతలే."

మా ప్రొఫెసరు రెండు వారాలు చెప్పారు దీన్ని,
బొమ్మలు వేసి.

కాగితం మీద రాసిచ్చాను.
అరగంటకోసారి లేవాలి, నాలుగడుగులు వెయ్యాలి.
"అరగంటకోసారి లేస్తే
రోజుకు రెండు చీరలు పోతాయి" అంది,
కాగితం మాత్రం నాలుగు మడతలు పెట్టి
రవికలో దాచుకుంది.

గుమ్మం దగ్గర బెంచీ మీద కూర్చుని
చెప్పు పట్టీ బిగించుకోవడానికి
కుడి మడమను ఎడమ మోకాలి మీదికి తెచ్చుకుంది.
నేను ఊపిరి బిగబట్టి చూశాను.
ఆ పని దానిదే, అచ్చంగా దానిదే.
మొహం చిట్లించింది,
సగంలో ఆగింది,
మళ్ళీ లాగింది.

ఆడి డిస్కౌంట్ల రద్దీ అయ్యాక వస్తానంది.
అంటే ఇంకో నెల.
ఆమె వెళ్ళిన వైపు కాకుండా
గోడ వైపే చూస్తూ ఫ్యాను.